గడ్డి ముట్టడం లేదు, కొత్తిమీర మాత్రం తింటా ఉంది: కుందేలుకు నొప్పి ఉందని ఎట్లా కనిపెట్టేది?

చిత్తూరు_చెవులపిల్లి:

అందరికీ నమస్కారం. ఆడ కుందేలు, మూడేండ్లది, 1.8 కిలోలు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదు. కమ్మీల బోనులో ఉంటుంది, సాయంత్రం పూట ఇంట్లో వదులుతాం. మేత పెల్లెట్లు, క్యారెట్, క్యాబేజీ, కొంచెం గరిక.

నిన్న సాయంత్రం నుంచి గరిక ముట్టలేదు. పెల్లెట్లు నోట్లో పెట్టుకుని మళ్ళీ కింద పడేస్తా ఉంది. కొత్తిమీర ఇస్తే మాత్రం నిదానంగా తింటుంది. మూలన ముడుచుకుని కూర్చుంటోంది, కండ్లు సగం మూసుకునే ఉంటున్నాయి. గడ్డం కింద బొచ్చు కొంచెం తడిగా ఉంది. పెంటికలు చిన్నవైపోయినాయి. అరవడం, మూలగడం ఏమీ లేదు. మీద చెయ్యేస్తే ఊరికే ఉంటుంది.

ఇంట్లో పెద్దవాళ్ళు వేడి చేసిందని, మజ్జిగ పట్టమని అంటున్నారు. పిల్లల జ్వరానికి తెచ్చిన పారసిటమాల్ చుక్కల మందు ఇంట్లో ఉంది, అది రెండు చుక్కలు వెయ్యొచ్చా? అసలు ఇది నొప్పేనా, ఎండకు నీరసమా? తేడా ఎట్లా తెలుసుకునేది? సోమవారం దాకా ఆగొచ్చా?

మంగళం_పశువైద్యం:

సోమవారం దాకా ఆగకండి, ఈ రోజే చూపించండి. చుక్కల మందు వెయ్యకండి. మజ్జిగ కూడా వద్దు.

కుందేలు నొప్పికి ఏడ్చే జంతువు కాదు. దాన్ని తినే జంతువులు నలుదిక్కులా ఉన్నచోట బతికిన జాతి. నీరసం బయటపడిందంటే ముందు దొరికేది అదే కాబట్టి, దాచుకోవడమే దాని అలవాటు. కీచుమని అరిచిందంటే ప్రాణభయంలోనో, తట్టుకోలేని బాధలోనో ఉన్నట్టు. అందుకే అరుపు కోసం చూడొద్దు. రోజూ చేసే పనుల్లో ఏది మానేసిందో చూడాలి. మీది గరిక మానేసింది, బోనులో తిరగడం మానేసింది. అది చాలు.

ఇక మొహం. 2012లో బ్రిటన్ పరిశోధకులు, గుర్తు కోసం కుందేళ్ళ చెవికి పచ్చబొట్టు పొడిచేటప్పుడు వాటి మొహాలను వీడియో తీసి, నొప్పికి మారే చోట్లు ఐదు పట్టుకున్నారు. ఒక్కో చోటికి మార్పు లేకపోతే 0, కొంచెం ఉంటే 1, స్పష్టంగా ఉంటే 2. మొత్తం 10. మొదటిది కన్ను: రెప్పలు బిగుసుకుని కన్ను చిన్నదవుతుంది. రెండోది బుగ్గ: మామూలుగా గుండ్రంగా పొంగి ఉండేది చదునై, మూతి సన్నగా కోసుకుపోయినట్టు కనబడుతుంది. మూడోది ముక్కు: రంధ్రాల కింది అంచు యూ అక్షరంలా గుండ్రంగా ఉండేది వీ అక్షరంలా మొనతేలుతుంది. నాలుగోది మీసాలు: మెత్తగా కిందికి వంగి ఉండేవి నిటారుగా బిగుసుకుని, పక్కలకో బుగ్గ వైపు వెనక్కో లాగినట్టు ఉంటాయి. ఐదోది చెవులు: గొట్టంలా చుట్టుకుని, చప్పుడు వచ్చే వైపు తిరగకుండా వీపు వైపు తిరిగిపోతాయి. చెవులు వేలాడే జాతి అయితే ఐదోది లెక్కలోకి తీసుకోవద్దు, మిగతా నాలుగే చూడండి.

దీన్ని దగ్గరికెళ్ళి చూస్తే తప్పు లెక్క వస్తుంది. మనిషి కనబడగానే కుందేలు బిగుసుకుని, బాగున్నట్టు నటిస్తుంది. బోనుకు ఎదురుగా ఫోను ఆనించి వీడియో పెట్టి మీరు గదిలోంచి బయటికి రండి. పావుగంట తర్వాత చూడండి. నిద్రపోతున్నప్పుడు, తింటున్నప్పుడు, ఒళ్ళు నాక్కుంటున్నప్పుడు మార్కులు వెయ్యకూడదు. భయానికి కూడా మొహం కొంత మారుతుంది కాబట్టి ఒక్క ఫొటో చూసి తేల్చకండి. పక్కింటి కుక్క మొరిగినప్పుడు తీసింది అయితే అసలు పనికిరాదు.

అదే వీడియోలో కూర్చునే తీరు కూడా చూడండి. హాయిగా ఉన్న కుందేలు నాలుగు కాళ్ళూ కిందికి ముడుచుకున్నా వీపు మెత్తగా, ఒళ్ళు వదులుగా ఉంటుంది, లేదా వెనక కాళ్ళు చాపి పక్కకు వాలుతుంది. నొప్పితో ఉన్నది వీపు గూనిలా పైకెత్తి, కడుపు లోపలికి లాక్కుని, బరువంతా ముందు కాళ్ళ వేళ్ళ మీద వేసి కూర్చుంటుంది. కడుపునొప్పి అయితే ఒక చోట నిలవదు: పొట్ట నేలకు అదుముతుంది, ఒళ్ళంతా సాగదీస్తుంది, లేస్తుంది, మళ్ళీ ఇంకోచోట అదే పని. డొక్కలో కండ ఉన్నట్టుండి అదరడం కూడా చూడండి. చాలామంది దాన్ని ఎక్కిళ్ళు అనుకుంటారు.

పళ్ళ చప్పుడు రెండు రకాలు. తల నిమిరినప్పుడు చాలా మెల్లగా, వేగంగా, వినీ వినబడనట్టు పళ్ళు ఆడిస్తే అది సంతోషం. ఎవరూ ముట్టుకోకుండా, కండ్లు సగం మూసుకుని, ఆగి ఆగి, గట్టిగా పటపట నూరుతుంటే అది నొప్పి.

ఇప్పుడు మీ కుందేలు విషయం. ఆకు తింటుంది, గడ్డి తినదు, పెల్లెట్ జారవిడుస్తుంది, గడ్డం తడి. ఇవన్నీ కలిపి చూస్తే నా అనుమానం మొదట దవడ పళ్ళ మీదికే పోతుంది. కుందేలుకు మొత్తం 28 పళ్ళు, అన్నీ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్ళు వారానికి సుమారు 2 మిల్లీమీటర్లు. గడ్డిని పక్కలకు నూరి నూరి నమిలితేనే దవడ పళ్ళు సమంగా అరుగుతాయి. పెల్లెట్లు, క్యారెట్ అయితే పైకీ కిందికీ నాలుగు కొరుకులతో అయిపోతాయి, పక్క అరుగుదల ఉండదు. అప్పుడు కింది పళ్ళ అంచులు మొనదేలి నాలుక వైపుకి, పై పళ్ళవి బుగ్గ వైపుకి పెరిగి గుచ్చుకుంటాయి. ఆకలి ఉంటుంది, మేత దగ్గరికి వస్తుంది, నోట్లో పెట్టుకుంటుంది, నమలబోతే గుచ్చుకుని వదిలేస్తుంది. కొత్తిమీర మెత్తన, పెద్దగా నమిలే పని లేదు. అందుకే అదొక్కటే తింటోంది.

ఇంట్లో చూడగలిగినవి రెండే. పై పెదవి మెల్లగా పక్కలకు తీస్తే ముందు పళ్ళు కనిపిస్తాయి. పై జత కింది జతకు కొంచెం ముందుకు ఉండి, నిటారుగా ఉండాలి. తర్వాత కింది దవడ అంచు వెంబడి రెండు వైపులా ఒకేసారి వేళ్ళతో తడమండి, గడ్డలు గానీ ఎగుడుదిగుళ్ళు గానీ ఉన్నాయేమో. కంట్లో నీరు కారుతోందా అన్నది కూడా చూడండి. పై పళ్ళ వేళ్ళు కంటి నీరు దిగే గొట్టాన్ని నొక్కుతాయి కాబట్టి ఒక కన్ను మాత్రమే కారుతుంటే అది కంటి జబ్బు కాకపోవచ్చు. దవడ పళ్ళు ఇంట్లో కనబడవు. నోరు సన్నం, లోపల నాలుక లావు. చెవి చూసే లైటు గొట్టంతో డాక్టరు చూడాలి, సరిగ్గా చూడాలంటే మత్తు కావాలి. ముందు పళ్ళు పెరిగి ఉంటే గోళ్ళ కత్తెరతో కత్తిరించకండి, పన్ను నిలువునా చీలి వేరు దాకా పోతుంది.

పచ్చగడ్డి_పాకాల:

పైన సార్ పళ్ళ గురించి చెప్పినారు, నేను కడుపు గురించి చెప్తా. ఎందుకంటే పన్ను నొప్పితో మొదలైనా కుందేలును చంపేది కడుపే.

నొప్పి ఉంటే తినదు. తినకపోతే పేగు కదలిక తగ్గిపోతుంది. లోపల ఉండే మేత ఎండి గట్టిపడుతుంది, గ్యాస్ పడుతుంది. గ్యాస్ వల్ల ఇంకా నొప్పి, ఇంకా తినదు. కుందేలుకు వాంతి రాదు, లోపలికి పోయింది వెనక నుంచే రావాలి. అందుకే దీన్ని రోజుల్లో లెక్కపెట్టేది కాదు, గంటల్లో లెక్కపెట్టాలి. ఏమీ తినక, పెంటికలు వెయ్యక 10-12 గంటలయిందంటే రాత్రయినా సరే డాక్టరును వెతుక్కోవాల్సిందే.

పెంటికలు చూసి చాలా చెప్పొచ్చు. బాగుండే కుందేలు రోజుకు 200-300 వేస్తుంది. శనగ గింజంత, గుండ్రంగా, అన్నీ ఒకే సైజు, నలిపితే గడ్డిపొట్టు మాదిరి పొడవుతాయి. చిన్నగా, నల్లగా, రాయి మాదిరి గట్టిగా ఉంటే పేగు నిదానించిందని అర్థం. తోకలు వచ్చి ఉంటే, రెండు మూడు అతుక్కుని ఉంటే కూడా అంతే. బొచ్చుతో దండ కట్టినట్టు వస్తే బొచ్చు ఎక్కువ మింగింది, గడ్డి చాల్లేదు. జిగురు పూసుకుని వస్తే పేగు లోపల రేగింది. ఇప్పుడే బోను కింద ట్రే శుభ్రంగా ఊడ్చి ఒక కాగితం పరచండి. రెండు గంటల తర్వాత ఎన్ని పడినాయో చూస్తే డాక్టరుకు సరిగ్గా చెప్పొచ్చు. పాతవీ కొత్తవీ కలిసిపోతే ఏమీ తెలియదు.

ఇంట్లో డిజిటల్ థర్మామీటర్ ఉంటే వేడి చూడండి. మొనకు కొబ్బరినూనె రాసి, మలద్వారంలో 1.5 నుంచి 2 సెంటీమీటర్లు మాత్రం పెట్టాలి. ఇద్దరుండాలి. ఒకరు టవల్‌లో చుట్టి పొట్టకు ఆనించుకుని, వెనక కాళ్ళు కదలకుండా పట్టుకోవాలి. గాల్లో కాళ్ళు తన్నుకుంటే దాని నడుము ఎముక అదే విరగ్గొట్టుకుంటుంది, ఇది ఉత్త బెదిరింపు కాదు. పెనుగులాడితే మానేయండి. 38.5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ దాకా మామూలే. 38 కన్నా తగ్గితే పరిస్థితి బాగాలేదు: వేడినీళ్ళ సీసా టవల్‌లో చుట్టి పక్కన పెట్టి, అట్లనే బయల్దేరండి. చల్లబడిపోయిన కుందేలుకు ముందు వెచ్చదనం, తర్వాతే మేత. 40.5 దాటితే వడదెబ్బ అనుమానం.

ఎండకు నీరసమా అని అడిగినారు కదా. మన తిరుపతి, చిత్తూరు ఎండల్లో అది నిజంగా జరిగేదే, 30 డిగ్రీలు దాటితేనే కుందేలుకు కష్టం మొదలవుతుంది, మనకు ఏప్రిల్, మే నెలల్లో 40 దాటుతుంది. కానీ వడదెబ్బ తీరు వేరు. చెవులు ఎర్రగా కాలుతుంటాయి, ఊపిరి దబదబా ఎగపోస్తుంది, ముక్కు తడి, నోరు తెరిచి గాలి పీలుస్తుంది, ఒళ్ళు వాలేసి పడి ఉంటుంది. వడదెబ్బకు ముడుచుకుని కూర్చోదు. మీది ముడుచుకుని కూర్చుంది, కాబట్టి వేడి మీదికి తోసేయొద్దు. వడదెబ్బే అయితే మామూలు చన్నీళ్ళతో చెవులు తడపాలి. ఐసు నీళ్ళు పొయ్యకూడదు, బక్కెట్లో ముంచకూడదు.

మజ్జిగ ఎందుకు వద్దంటే, పెరిగిన కుందేలుకు పాలలోని చక్కెర అరగదు, పేగులో పులిసి గ్యాస్ ఇంకా ఎక్కువవుతుంది. గ్రైప్ వాటర్ కూడా అదే లెక్క, అందులో తీపి ఉంటుంది. మామూలు నీళ్ళు గిన్నెలో పెట్టండి, సీసా గొట్టం నుంచి తాగే ఓపిక ఇప్పుడు ఉండదు. కొత్తిమీర నీళ్ళు కారేటట్టు తడిపి ఇవ్వండి. తింటున్నంత సేపూ ఇస్తానే ఉండండి. క్యాబేజీ, క్యారెట్ ఆపండి.

సిరంజితో మేత పట్టడం గురించి ఒక మాట. పొట్ట తడిమి చూసేదాకా పట్టొద్దు. మెత్తగా, పిండి ముద్ద నొక్కినట్టుంటే నిదానంగా ఆగిపోయిన కడుపు, పట్టొచ్చు. గంటా రెండు గంటల ముందు బాగా ఎగిరి ఆడిన కుందేలు ఒక్కసారిగా కూలబడి, ఎడమ డొక్క ముందు భాగం బిర్రుగా ఉబ్బి, ఒళ్ళు చల్లబడుతుంటే పేగుకు ఏదో అడ్డం పడిందని అర్థం. ఎక్కువగా బొచ్చు ఉండలే. అప్పుడు పడితే కడుపు ఇంకా సాగి పగిలిపోవచ్చు. ఏమీ పట్టకుండా పరుగెత్తాల్సిందే. ఈ రెండిటికీ తేడా తెలియకపోతే డాక్టరు దగ్గర రక్తంలో చక్కెర చూడమని అడగండి. అడ్డం పడినదాంట్లో చక్కెర బాగా పెరుగుతుంది, 360 దాటిందంటే అడ్డమనే గట్టి అనుమానం.

పట్టే విధం: పెల్లెట్లు గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, మిక్సీలో వేసి, వడపోస్తే సిరంజిలో దిగేటంత జారుగా చేసుకోవాలి. రోజు మొత్తానికి కిలో బరువుకు 50 మిల్లీలీటర్లు, అంటే మీదానికి 90, దాన్ని నాలుగైదు సార్లుగా. నోటి పక్క నుంచి, ముందు పళ్ళకూ దవడ పళ్ళకూ మధ్య ఖాళీ ఉంటుంది, అక్కడ సిరంజి మొన పెట్టి ఒక మిల్లీలీటరు పట్టి, నమిలి మింగినాక మళ్ళీ ఇంకొకటి. నాలుగు కాళ్ళ మీద మామూలుగా కూర్చున్నప్పుడే. వెల్లకిలా పెట్టి పడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పన్ను గుచ్చుకున్న నోరు కాబట్టి ఎదురు తిరుగుతుంది, బలవంతం చెయ్యొద్దు.

చంద్రగిరి_మందులషాపు:

చుక్కల మందు గురించి. పిల్లల పారసిటమాల్ చుక్కలు ఒక్కో కంపెనీది ఒక్కో గాఢత. 1.8 కిలోల ప్రాణికి అందాజుగా వేసే మందు కాదు అది. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ అయితే అసలు దగ్గరికి రానివ్వకండి, కడుపులో పుండు, కిడ్నీ దెబ్బ.

కుందేళ్ళ నొప్పికి డాక్టర్లు ఎక్కువగా రాసేది మెలాక్సికామ్. కుక్కకు ఇచ్చే లెక్కన కుందేలుకు ఇస్తే సరిపోదు, కిలోకు ఇంకా ఎక్కువ కావాలి. అందుకే కుక్కల డోసు వేసి, తగ్గలేదు కాబట్టి ఇది నొప్పి కాదని తేల్చేసే పొరపాటు జరుగుతూ ఉంటుంది. అట్లని మీరే పెంచకండి. నీరు తగ్గిపోయిన కుందేలుకు ఇదే మందు కిడ్నీని కొడుతుంది, అందుకే ముందు చర్మం కింద సెలైన్ ఎక్కించి తర్వాత ఇస్తారు. ఇంకో చిక్కు: ఒక మిల్లీలీటరులో అర మిల్లీగ్రాము ఉండే సీసాలు ఉన్నాయి, ఒకటిన్నర మిల్లీగ్రాములు ఉండేవీ ఉన్నాయి. పశువులకు వాడే ఇంజెక్షన్లలో పారసిటమాల్ కలిపినవి కూడా ఉంటాయి. డాక్టరు చీటీలో ఎన్ని మిల్లీలీటర్లు అన్నదొక్కటే కాకుండా ఎన్ని మిల్లీగ్రాములు అన్నది కూడా రాయించుకోండి. షాపులో వేరే బ్రాండు ఇచ్చినా లెక్క తప్పదు.

నొప్పా కాదా అన్న అనుమానానికి మంచి పరీక్ష కూడా ఇదే. సరైన డోసు పడ్డాక గంటా రెండు గంటల్లో కండ్లు తెరిచి, ఒళ్ళు నాక్కుని, గడ్డి దగ్గరికి పోయిందంటే అప్పటిదాకా ఉన్నది నొప్పే. తింటోంది కదా అని మందు మధ్యలో ఆపితే మళ్ళీ మొదటికొస్తుంది.

యాంటీబయోటిక్ రాస్తే పేరు చూసుకోండి. అమాక్సిసిలిన్, యాంపిసిలిన్, సెఫాలెక్సిన్, క్లిండామైసిన్, లింకోమైసిన్ నోటి ద్వారా కుందేలుకు ఇవ్వకూడదు. పేగులో మంచి సూక్ష్మజీవులు చచ్చి, విషం పుట్టించేవి పెరిగి, కొద్ది రోజుల్లో నీళ్ళ విరేచనాలతో పోతుంది. ఎన్రోఫ్లాక్సాసిన్, కోట్రైమాక్సజోల్ లాంటివి వాడతారు. గజ్జికో పిడుదులకో అని ఫిప్రోనిల్ స్ప్రే కొట్టేవాళ్ళు ఉన్నారు, అది కూడా కుందేలుకు పనికిరాదు.

పుత్తూరు_అక్క:

ముందు ఈ పూట గండం గడవనీ, నేను చెప్పేది తర్వాతకి. కమ్మీల బోను అన్నారు కాబట్టి రాస్తున్నా. తిండి మానకుండా వచ్చే నొప్పులు కూడా ఉన్నాయమ్మా, అవి ఇంకా దొంగవి. తింటా ఉంటుంది, పెంటికలు వేస్తా ఉంటుంది, లోపల నెలల తరబడి నొప్పి.

వెనక పాదాలు తిప్పి చూడండి. మడమ మీద బొచ్చు విడదీసి చూస్తే చర్మం కనబడుతుంది. బొచ్చు అరిగి కొంచెం గులాబీ రంగులో, పొడిగా ఉంటే ఇంకా మొదలు. ఎర్రగా వాచి, పెచ్చు కట్టి, చీలి ఉంటే పుండు, అది ఎముక దాకా పోతుంది. కుక్కకూ పిల్లికీ ఉన్నట్టు కుందేలు అరికాలికి మెత్త ఉండదు, బొచ్చే దాని చెప్పు. కమ్మీల మీద బరువంతా ఒకే గీత మీద పడుతుంది. ఇది ఉంటే కుందేలు కూర్చున్నప్పుడు ఒక పాదం తర్వాత ఒకటి ఎత్తి పెడతా ఉంటుంది, లేదా మడమ ఆనించకుండా వేళ్ళ మీద నిలబడుతుంది. బోనులో రంగు వెయ్యని కోరచాప పరచండి, కొరికినా గడ్డే కాబట్టి భయం లేదు. గోనెసంచి వెయ్యకండి, పీచు మింగితే పేగులో చుట్టుకుంటుంది. తడిస్తే అదే రోజు మార్చాలి, తడి చాప కమ్మీ కన్నా చెడ్డది.

వయసు పైబడిన వాటికి నడుము, తుంటి కీళ్ళు పట్టేస్తాయి. కుంటదు. దాని గుర్తులు వేరే చోట ఉంటాయి. వీపు మీద, తోక మొదట్లో చుండ్రు, చిక్కుబడిన బొచ్చు: నడుము తిప్పి నాక్కోలేకపోతోందని. ఒక చెవిలోనే గుబిలి పేరుకోవడం: ఆ వైపు వెనక కాలు ఎత్తి గీరుకోలేకపోతోందని. వెనక మెత్తటి పెంటికలు అతుక్కుని ఉండడం: తెల్లవారుజామున అది నోటితో తీసుకుని తినేవి అవి, వంగలేక వదిలేసింది. దాన్ని చూసి విరేచనాలని మందు వేస్తారు చాలామంది. ట్రే అంచు దాటలేక పక్కనే మూత్రం పోస్తుంటే, అలవాటు తప్పిందని తిట్టకుండా అంచు ఒక పక్క కోసి తగ్గించండి. వెనక మురికిగా ఉంటే వానాకాలం ఈగలు గుడ్లు పెడతాయి, ఒక్క రోజులో పురుగు పడుతుంది. రోజూ ఎత్తి చూడాలి.

మూత్రం సంగతి. కుందేలు మేతలో తిన్న సున్నం (కాల్షియం)లో ఎక్కువైనది మూత్రంలోనే పోతుంది, కాబట్టి కొంచెం తెల్లగా ఉండడం మామూలే. సున్నం ముద్దలా చిక్కగా వస్తే, ముక్కుతూ తోక ఎత్తి చాలాసేపు కూర్చుంటే, తొడల లోపల బొచ్చు తడిసి ఎర్రబడితే మూత్రసంచిలో ఇసుక చేరింది, అది నొప్పి. మన దగ్గర వేరుశనగ కట్టె చౌక అని అదే మేతగా వేసేవాళ్ళున్నారు, మునగాకు బలమని రోజూ వేస్తారు. రెండిటిలోనూ సున్నం ఎక్కువ. వేరుశనగ కట్టెకు బూజు గండం కూడా ఉంది. ఎప్పుడన్నా కొంచెం పెట్టండి. పొట్ట నింపేది గరిక, నేపియర్ లాంటి గడ్డే కావాలి. వరిగడ్డి కింద పరుపుకు వాడండి, అందులో సత్తువ లేదు.

మూత్రం ఎర్రగా కనిపిస్తే కంగారు పడొద్దు, మడుగంతా ఒకే నారింజ ఎరుపులో ఉంటే మేత రంగు కావచ్చు. మడుగులో అక్కడక్కడా రక్తం చారలు, గడ్డలు ఉంటే రక్తమే. మీది మూడేండ్ల ఆడది, ఆపరేషన్ కాలేదు. ఆడ కుందేళ్ళకు వయసు పెరిగేకొద్దీ, ముఖ్యంగా నాలుగేండ్లు దాటినాక, గర్భసంచి క్యాన్సర్ చాలా ఎక్కువ. రక్తం కనబడిన రోజు ఫొటో తీసి పెట్టుకోండి. ఆగి ఆగి వస్తుంది, డాక్టరు దగ్గరికి పోయిన రోజు ఏమీ కనిపించదు.

చిత్తూరు_చెవులపిల్లి:

అందరికీ చాలా థ్యాంక్స్. చుక్కల మందు, మజ్జిగ ఏమీ ఇవ్వలేదు. వీడియో తీసి చూసినాం. ఎవరూ లేనప్పుడు పళ్ళు నూరుతోంది, మేము రాగానే ఆపేస్తోంది. బుగ్గలు చదునుగానే ఉన్నాయి, చెవులు వెనక్కి. ముందు పళ్ళు బాగున్నాయి. కింది దవడ కుడి పక్క బఠాణీ గింజంత గట్టి గడ్డ చేతికి తగిలింది, అక్కడ నొక్కితే తల లాక్కుంటోంది. వేడి 38.7. కాగితం మీద రెండు గంటల్లో ఆరు పెంటికలు, చిన్నవి. పొట్ట మెత్తగానే ఉంది. మడమల దగ్గర బొచ్చు అరిగి గులాబీగా ఉంది, పుండు లేదు.

తిరుపతికే తీసుకుపోవాలా, ఇక్కడ చూపిస్తే చాలా? ఎండలో అంత దూరం ఎట్లా తీసుకుపోయేది?

మంగళం_పశువైద్యం:

రెండూ చెయ్యండి. ముందు చిత్తూరులోనే దగ్గర్లో ఉన్న పశువుల ఆసుపత్రిలో నొప్పి ఇంజెక్షన్, చర్మం కింద సెలైన్ ఇప్పించండి. ఇవి ఈ రోజే పడాలి. పళ్ళ పని మత్తు, ఎక్స్‌రే ఉన్నచోటే అవుతుంది. తిరుపతిలో పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, ఉదయం ఓపీకి అందేటట్టు వెళ్ళండి. కుక్కలూ పిల్లులూ చూసే విభాగంలో కుందేళ్ళను ఎవరు చూస్తారో ముందే ఫోను చేసి కనుక్కోండి.

ఆ గడ్డ దవడ పన్ను వేరు దగ్గర చీము అయ్యుండే అవకాశం ఎక్కువ. కుందేలు చీము జారుగా ఉండదు, పెరుగు తోడులా గట్టిగా ఉంటుంది. అందుకే సూది పెట్టి లాగినా, చిన్న కోత పెట్టి పిండినా పూర్తిగా రాదు, మళ్ళీ నిండుతుంది. చీము సంచిని మొత్తంగా తీసి, పాడైన పన్ను కూడా తియ్యాల్సి రావచ్చు. పుర్రె ఎక్స్‌రే పక్క నుంచి ఒకటి, ఏటవాలుగా రెండు వైపులా ఒక్కోటి తీస్తేనే వేరు కనబడుతుంది. ఒక్క ఫిల్ముతో సరిపెట్టుకోవద్దని మర్యాదగా అడగండి. మత్తు ఇస్తామంటే, రాత్రంతా పస్తు పెట్టమని ఎవరన్నా చెప్పినా పెట్టకండి. వాంతి చేసుకోదు కాబట్టి ఆ పస్తుతో లాభం లేదు, నష్టమే. నోట్లో మేత మిగలకుండా చివరి గంట మాత్రం ఆపితే చాలు, అది కూడా డాక్టరు చెప్పినట్టు.

ప్రయాణం: తెల్లవారుజామున మొదటి బస్సో కారో చూసుకోండి, తొమ్మిది లోపు చేరేటట్టు. బైకు మీద ఒళ్ళో పెట్టుకుని తీసుకురావద్దు. గట్టి అట్టపెట్టెకు నాలుగు పక్కలా పెద్ద బొక్కలు పెట్టి, అడుగున జారని టవల్ మడిచి వెయ్యండి. జారే అడుగు మీద రోడ్డంతా కాళ్ళు బిగబట్టి కూర్చుంటే నొప్పి ఇంకా పెరుగుతుంది. లోపల గుప్పెడు గరిక, తడి కొత్తిమీర. గడ్డకట్టిన నీళ్ళ సీసా గుడ్డలో చుట్టి ఒక మూలనే పెట్టండి, చలేస్తే కుందేలు రెండో మూలకు జరిగేటట్టు ఉండాలి. దారిలో అరగంటకోసారి చెవి మొదలు ముట్టుకుని చూడండి, కాలుతుంటే సీసా దగ్గరికి జరపండి. ఎత్తేటప్పుడు చెవులు పట్టుకోవద్దు, ఛాతీ కింద ఒక చెయ్యి, వెనక భాగం కింద ఒక చెయ్యి.

ఫోనులో ఆ వీడియో, ఒక కవరులో ఆ ఆరు పెంటికలు, పాత మామూలు పెంటికలు దొరికితే అవి వేరే కవరులో, పెల్లెట్ల సంచి మీది లేబుల్ ఫొటో, చిత్తూరులో ఇచ్చిన ఇంజెక్షన్ పేరు, ఇచ్చిన టైము తీసుకురండి. ఆ చివరిది మర్చిపోతే, అక్కడ ఇంకో డోసు ఎప్పుడు వెయ్యొచ్చో వాళ్ళు తేల్చుకోలేరు.

చిత్తూరు_చెవులపిల్లి:

సరే సార్. ఇప్పుడే ఇక్కడ ఆసుపత్రికి బయల్దేరుతున్నాం. ఇంజెక్షన్ వేసినాక రాత్రికి సిరంజి మేత పట్టొచ్చా, రేపటి మత్తుకు అడ్డమా?

పచ్చగడ్డి_పాకాల:

పట్టండి. రేపు మత్తు ఉన్నా లేకున్నా రాత్రి పేగు ఖాళీగా ఉండకూడదు. ఇంజెక్షన్ వేసిన గంట తర్వాత, తనంతట తాను తినడం లేదంటేనే, 15 నుంచి 20 మిల్లీలీటర్లు. రాత్రి పడుకునే ముందు ఒకసారి, తెల్లవారుజామున బయల్దేరే ముందు ఒకసారి. పట్టినాక గడ్డం తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి, అట్లనే వదిలేస్తే ఉదయానికి చర్మం ఒరిసిపోతుంది.

ఒక్క జాగ్రత్త: పట్టే ముందు ప్రతిసారీ పొట్ట తడమండి. మెత్తగా ఉన్నది రాత్రి బిర్రుగా మారితే పట్టకుండా, పొద్దున దాకా ఆగకుండా డాక్టరుకు ఫోను కొట్టండి. అందుకే ఇప్పుడు ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడే రాత్రి పూట ఎవరికి చెయ్యాలో నంబరు అడిగి తెచ్చుకోండి.